అయిదు కార్డుల లోవరాజు

సీతారేవులో గోదావరి దాటించే పంటు టికెట్టు మెషీను మొరాయించినప్పుడల్లా ఒడ్డున టీ కొట్టు బంగారయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి పాస్‌వర్డు కొట్టి వెళ్ళేవాడు. ఆ పాస్‌వర్డు ‘గోదారి’. రాష్ట్ర రేవుల మండలి కంప్యూటర్లన్నిటికీ అది పెద్ద తాళం. దానితో లోపలికి వెళ్ళినవాడు టికెట్టు ధర మార్చవచ్చు, పంటు వేళలు మార్చవచ్చు, ఓపికుంటే గోదావరికి మూడో ఒడ్డు కూడా పెట్టవచ్చు. అంత అధికారం చేతిలో ఉన్నా బంగారయ్య ఏనాడూ దుర్వినియోగం చేయలేదు. మెషీను నడిస్తే జనం వస్తారు, జనం వస్తే టీ తాగుతారు. అతనికి కావలసింది అంతే.

ఈ సంగతి మండలి ముఖ్య సంచాలకులు భాగవతుల పరాంకుశంగారి చెవిన పడింది. పడిన వేళ మంచిది కాదు. ఆయన అప్పుడే సైబర్ భద్రత మీద పెద్ద సదస్సు ముగించుకుని విమానం దిగారు. సదస్సుకు వెళ్ళకముందు ఆయన ఫోను తెరవాలంటే పక్కన మనవరాలు ఉండాలి. తిరిగి వచ్చాక ఆయనకు మనవరాలి మీద కూడా అనుమానం మొదలైంది.

నెల తిరక్కుండా సీతారేవు ప్రాంతీయ కార్యాలయానికి ఒక పెట్టె వచ్చింది. నల్లగా, బరువుగా, పెళ్ళిలో పంచే స్వీటు డబ్బా అంత ఉంటుంది. మండలి కాగితాల్లో దాని పేరు ‘హార్డ్‌వేర్ ఆధారిత విశేషాధికార గూఢపద సంరక్షణ పేటిక’. ఆఫీసులో అందరూ పెట్టె అన్నారు. పాస్‌వర్డును ఆ పెట్టె తనే తయారుచేసుకుని, గూఢలిపిలోకి మార్చి తనలోనే దాచుకుంటుంది. మనిషన్నవాడికి చెప్పదు. బలవంతంగా విప్పబోతే ఉన్నదంతా చెరిపేసుకుని కూర్చుంటుంది. నెలకోసారి దాన్ని తెరిచి టికెట్టు మెషీన్లకు మళ్ళీ అనుమతి ఇవ్వాలి, లేకపోతే అవి ఆగిపోతాయి. తెరవడానికి అయిదు కార్డులు. అయిదుగురు అధికారులకు తలా ఒకటి, ఎవరి రహస్య సంఖ్య వారిది. అందులో ఏ ముగ్గురైనా కలిసి కార్డులు పెడితేనే పెట్టె నోరు తెరుస్తుంది. ఒక్కడు దొంగ కావచ్చు, ఇద్దరూ దొంగలు కావచ్చు, ముగ్గురు ప్రభుత్వోద్యోగులు ఒకేసారి ఒక మాట మీదకు రావడం మాత్రం జరిగే పని కాదని ఆ పెట్టె చేసినవాళ్ళకు ఎవరు చెప్పారోగాని, బాగా తెలిసినవాళ్ళే చెప్పారు.

పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు లోపలికి పోతే అది తనను తాను చెరిపేసుకుంటుందేమోనని సాంకేతిక అధికారి లోవరాజు తువ్వాలు అడ్డం పెట్టాడు. పరాంకుశంగారు మైకు అందుకుని, “ఈ పేటిక ఏ అధికారినీ నమ్మదు. కావుననే అధికారులందరూ దీనిని నమ్మవలెను” అని సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్‌వర్డు మారిపోయిందని తెలిసి బంగారయ్య, పీడా పోయింది, ఇక కొట్టు వదిలి రానక్కర్లేదు అనుకున్నాడు.

ముమ్మిడి లోవరాజు మంచివాడు. ఇది పొగడ్త కాదు, అతని కష్టాలకు కారణం. ఎవరు ఏ పని అప్పజెప్పినా ‘అలాగేనండి’ అనేవాడు. పెళ్ళయి ఆరేళ్ళు. భార్య సత్యవేణి తునిలో ప్రభుత్వాసుపత్రిలో నర్సు. నాలుగేళ్ళ కూతురు మృదుల తల్లి దగ్గరే. శనివారం సాయంత్రం రైలెక్కి తుని వెళ్ళడం, సోమవారం తెల్లారేసరికి సీతారేవులో ఉండడం, ఇదీ అతని కాపురం. శనివారం తలుపు తీసినప్పుడు పాప తల్లి వెనక దాక్కునేది. ఆదివారం మధ్యాహ్నానికి దగ్గరకు వచ్చేది. చనువు పడి ఒళ్ళో కూర్చునేసరికి రైలు వేళయ్యేది. ఈ బాధ పడలేక అతను భార్యాభర్తల కోటాలో తునికి బదిలీ పెట్టుకున్నాడు. సముద్రపు రేవు కోసం మండలికి తునిలో ఒక సబ్ ఆఫీసు ఉంది. అక్కడ సాంకేతిక అధికారి కుర్చీ ఖాళీగా దుమ్ము పట్టి ఉంది. ఆ కుర్చీలో కూర్చుని, సాయంత్రానికి ఇంటికి పోయి పాపతో అన్నం తినాలి. లోకంలో అతనికి ఇంతకు మించిన కోరిక లేదు.

పెట్టె వచ్చిన ఏడాదిలోనే కార్డు అధికారులు ఒక్కొక్కరే జారిపోయారు. ప్రాంతీయ అధికారి రిటైరయ్యారు. అకౌంట్స్ అధికారి పలుకుబడి పెట్టి నగరానికి డెప్యుటేషన్ వేయించుకున్నాడు. విజిలెన్సు అధికారి విజిలెన్సు వాళ్ళకే దొరికి సస్పెండయ్యాడు. సిబ్బంది సంక్షేమ అధికారి మనసు బాగుండక దీర్ఘకాలపు సెలవు పెట్టాడు. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా హెడ్డాఫీసు నుంచి ఒకే రకం ఉత్తర్వు వచ్చేది: కొత్తవారు నియమింపబడువరకు సదరు పదవి యొక్క పూర్తి అదనపు బాధ్యతలు శ్రీ లోవరాజు నిర్వర్తించవలెను. కొత్తవారిని వేసే ఉద్దేశం మండలికి ఉన్నట్టు చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు. చివరికి అయిదు కుర్చీలు, అయిదు ముద్రలు, అయిదు కార్డులు లోవరాజువే అయ్యాయి. జీతం మాత్రం ఒక్కరిదే వచ్చేది.

పెట్టె పని ఇంత తేలిక అవుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. అంతకుముందు ముగ్గురు అధికారులను ఒక గదిలోకి చేర్చడానికి వారం పట్టేది. ఇప్పుడు నెల మొదటి సోమవారం వెళ్ళి సాంకేతిక అధికారిగా ఒక కార్డు పెట్టి, అకౌంట్స్ అధికారిగా ఇంకొకటి పెట్టి, విజిలెన్సు అధికారిగా మూడోది పెట్టి, టీ చల్లారకముందే బయటికి వచ్చేవాడు. సీతారేవు కార్డు అధికారుల ఐకమత్యం హెడ్డాఫీసువారిని ముగ్ధుల్ని చేసింది. రాష్ట్రస్థాయి ‘ఉత్తమ సమన్వయ బృందం’ పురస్కారం ప్రకటించారు. వేదిక మీద అయిదు కుర్చీలు వేశారు. లోవరాజు మధ్య కుర్చీలో కూర్చుంటే, ఫోటోగ్రాఫరు కొంచెం దగ్గరగా జరగమన్నాడు. అయిదు శాలువాలు కప్పించుకుని, అయిదు జ్ఞాపికలు మోసుకుంటూ అతను ఆ రాత్రి రైలెక్కాడు. శాలువాలు చూసి సత్యవేణి, మంచాలకు దుప్పట్లు కొనే పని తప్పింది అంది.

పురస్కారం వచ్చిందంటే ఆడిట్ వెనకాలే వస్తుంది. సైబర్ భద్రతా ఆడిట్ అధికారి ఇందుమతిగారు ల్యాప్‌టాప్ సంచీతో దిగారు. ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. పెట్టెలో నమోదైన వేళలన్నీ తిరగేసి, లోవరాజును కూర్చోమన్నారు.

అకౌంట్స్ అధికారి రహస్య సంఖ్య సాంకేతిక అధికారికి తెలుసా అని ఆమె అడిగారు. తెలుసండి, ఇద్దరమూ నేనే గదండి అన్నాడు లోవరాజు. ఆమె ‘నేరాంగీకారం’ అని రాసుకున్నారు. విజిలెన్సు అధికారికి ఈ సంగతి తెలిసి కూడా ఎందుకు పైకి తెలపలేదని అడిగారు. లోవరాజు చాలాసేపు ఆలోచించి, ఆయన కూడా నేనేనండి అన్నాడు. ‘విజిలెన్సు కూడా కుమ్మక్కు’ అని రాసుకున్నారు.

ఆడిట్ నివేదిక చదివితే లోవరాజుకే ఒళ్ళు గగుర్పొడిచింది. అందులో ఉన్న ముఠాను తను ఎక్కడైనా చూస్తే పోలీసులకు పట్టించేవాడు. అయిదుగురు అధికారులూ ఒకే గడియలో ఆఫీసుకు వస్తున్నారట, ఒకే కప్పులో టీ తాగుతున్నారట, ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద నిద్రపోతున్నారట. ‘ఒకే ద్విచక్ర వాహనముపై అయిదుగురు ప్రయాణించుట పేటిక భద్రతకే గాక మోటారు వాహనాల చట్టమునకు కూడా విరుద్ధము’ అని చివరలో ఒక వాక్యం. ముగ్గురు కలిస్తేనే తెరుచుకునే పెట్టెకు ముగ్గురు కలవడం కంటే ప్రమాదం ఏముంటుందని ఆమె ప్రశ్న.

లోవరాజు ధైర్యం చేసి పరాంకుశంగారికే ఫోన్ చేశాడు. అయ్యా, అయిదుగురు లేరు, ఉన్నది నేనొక్కణ్ణే అని మొదటినుంచి చివరిదాకా విన్నవించుకున్నాడు. సంచాలకులు శాంతంగా విన్నారు.

“లోవరాజుగారూ, వ్యక్తి వేరు, హోదా వేరు. మండలి హోదాలతో వ్యవహరించును. మీరు అయిదుగురూ ఒక్కరే అగుట మీ వ్యక్తిగత విషయము. దానిని కార్యాలయములోకి తీసుకురావద్దు.”

మర్నాడు మార్గదర్శకాలు వచ్చాయి. కార్డు అధికారులు ఎవరి వాహనంలో వారు రావాలి, ఇద్దరు కలిసి భోజనం చేయకూడదు, ఒకరి సంఖ్య ఒకరికి తెలియకూడదు, ఒకే కప్పు కింద నివసించకూడదు. లోవరాజు అలాగేనండి అని రాసి పంపాడు. మరుసటి ఉదయం నుంచి సీతారేవు జనానికి ఒక వింత కనిపించింది. లోవరాజు స్కూటరు మీద వచ్చి సాంకేతిక అధికారిగా సంతకం పెట్టి, నడిచి తన అద్దె గదికి వెళ్ళి, ఆటోలో ప్రాంతీయ అధికారిగా దిగేవాడు. మళ్ళీ వెళ్ళి సైకిలు మీద అకౌంట్స్ అధికారిగా వచ్చేవాడు. విజిలెన్సు అధికారికి ఎవరో ఒకరు లిఫ్ట్ ఇచ్చేవారు. సంక్షేమ అధికారి ఎప్పుడూ నడకే. అయిదుగురూ పనిలోకి దిగేసరికి భోజనాల వేళయ్యేది. భోజనానికి అయిదుగురూ విడివిడిగా పోవాలి గనక లోవరాజుకు కొంచెం ఒళ్ళు కూడా వచ్చింది. రోజూ అతన్ని దింపే ఆటోవాడు పాపం ఈ బాబుకి ఏదో మొక్కుంది అని అందరితో చెప్పాడు.

ఇవన్నీ భరించదగ్గవే. భరించలేనిది ఇల్లు. శనివారం రాత్రి అయిదుగురు కార్డు అధికారులూ తునిలో ఒకే కప్పు కింద చేరడం కుదరదని ఇందుమతిగారు తేల్చేశారు. వంతులవారీగా వెళ్ళవచ్చునట. లోవరాజు పోనీ సాంకేతిక అధికారిగా ఒక్కణ్ణే వెళతానండి అన్నాడు. వెళ్ళండి, మిగతా నలుగురు ఇక్కడ ఉన్నట్టు ఫోటో పంపండి అన్నారు ఆమె. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అతని శనివారాలు ఆగిపోయాయి.

శ్రావణంలో పాపకు డెంగ్యూ వచ్చింది. రక్తకణాలు పడిపోతున్నాయని సత్యవేణి ఫోన్ చేసింది. ఆమె నర్సు, ఊరికే కంగారు పడే మనిషి కాదు. ఆ గొంతు వినగానే లోవరాజు కాగితం అందుకున్నాడు. అప్పటికప్పుడు అయిదు హోదాలకూ అయిదు సెలవు చీటీలు రాసి, ప్రాంతీయ అధికారిగా తనే మంజూరు చేసి, హెడ్డాఫీసుకు పంపాడు. గంటలో తిరుగు టపా. అయిదుగురు కార్డు అధికారులూ ఒకే దినమున, ఒకే కారణముతో, ఒకే బిడ్డ అనారోగ్యము చూపి సెలవు కోరుట అనుమానాస్పదము, పేటికను విడిచి పోయినచో కఠిన చర్య తీసుకొనబడును. మంచివాడు గనక అతను ఆగిపోయాడు. పెట్టె ముందు కుర్చీలో కూర్చుని ఫోను చేతిలో పెట్టుకుని ఏడ్చాడు. పాప బతికి బయటపడింది. తండ్రి లేకుండానే బయటపడింది, ఆ మాట అతని గుండెల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ సెలవు చీటీలు అంతటితో ఊరుకోలేదు. అయిదింటిలోనూ భార్య పేరు చోట సత్యవేణి అనే ఉన్నట్టు ఇందుమతిగారు పట్టుకున్నారు. అయిదుగురు ప్రభుత్వ అధికారులకు ఒకే స్త్రీ భార్యగా నమోదై ఉండడం ద్వాపర యుగంలో ఒకసారి జరిగిందేమోగాని, సేవా నిబంధనల్లో దానికి చోటు లేదు. పైగా అయిదుగురి రహస్య సంఖ్యలూ ఆమె ద్వారా ఒకరివి ఒకరికి చేరుతున్నాయని అనుమానం. వాంగ్మూలానికి రావలసిందని సత్యవేణికి నోటీసు పంపారు.

ఆమె నైటు డ్యూటీ దిగి, నిద్రలేని కళ్ళతో, పాపను చంకనేసుకుని సీతారేవు వచ్చింది. డెంగ్యూ తర్వాత పాప ఇంకా పుంజుకోలేదు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. పాపను సంక్షేమ అధికారి కుర్చీలో కూర్చోబెట్టి, సత్యవేణి ఇందుమతిగారి ఎదురుగా కూర్చుంది. లోవరాజు గోడకానుకుని నిలబడ్డాడు. అయిదుగురిలో ఎవరి హోదాలో నిలబడాలో అతనికి తెలియలేదు.

ఈ అయిదుగురు అధికారులూ మీ భర్తలేనా అని ఇందుమతిగారు అడిగారు.

“రాసుకోండి మేడం. అయిదుగురూ నా మొగుళ్ళే,” అంది సత్యవేణి. “శ్రావణంలో పిల్లని మా ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, ఓ పక్క డ్యూటీ చేసుకుంటా, ఓ పక్క దానికి సెలైను చూసుకున్నానండి. అయిదుగురు మొగుళ్ళున్నదాన్ని గదా, సీసా పట్టుకోడానికి ఒక్కడూ రాలేదు. నాకు అయిదుగురొద్దండి. ఒక్కణ్ణి ఇప్పించండి చాలు. మిగతా నలుగుర్నీ మీ పెట్టెకే ఉంచేసుకోండి.”

ఇందుమతిగారు తలెత్తకుండా రాసుకున్నారు: సాక్షి నేరము అంగీకరించినది. నలుగురు భర్తలను మండలికి అప్పగించుటకు సుముఖముగా ఉన్నది.

ఆ వాక్యమే పాత బదిలీ దరఖాస్తును లేపి కూర్చోబెట్టింది. హెడ్డాఫీసు దాన్ని సానుభూతితో పరిశీలించింది. భార్య ఒకరే గనక భార్యాభర్తల కోటా కింద ఒక అధికారినే తునికి పంపగలమని, మిగతా నలుగురు కార్డు అధికారులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలని, ఆశ్వయుజం లోపల ఇది తేలకపోతే తుని కుర్చీ రద్దవుతుందని వర్తమానం వచ్చింది. లోవరాజుకు ప్రాణం లేచి వచ్చింది. ఆ పూటే నాలుగు ముద్రలు వేసి, నాలుగు సంతకాలు పెట్టి, నలుగురికీ ఏ అభ్యంతరమూ లేదని పంపాడు.

మర్నాటికి తిరిగొచ్చింది. నలుగురు అధికారులు ఒక సహోద్యోగి మేలు కోరి, ఒకే పూటలో, ఒకే చేతివ్రాతతో సమ్మతి తెలుపుట కుమ్మక్కుకు తిరుగులేని సాక్ష్యమని ఇందుమతిగారు దానిమీద రాశారు. కుమ్మక్కు లేదని రుజువయ్యేదాకా బదిలీ లేదు.

ఆ సాయంత్రం లోవరాజు రేవు మెట్ల మీద కూర్చున్నాడు. పంటు అవతలి ఒడ్డుకు పోయి మళ్ళీ వచ్చింది. సమ్మతి ఇస్తే కుమ్మక్కు అంటున్నారు, ఇవ్వకపోతే బదిలీ లేదంటున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తమ అయిదుగురిలో కుమ్మక్కు లేదని రుజువు చేయాలంటే ఎలాగ? లోకంలో ఇద్దరు ఉద్యోగుల మధ్య కుమ్మక్కు లేదని ఎప్పుడు నమ్ముతారు? వాళ్ళు కొట్టుకుంటుంటే నమ్ముతారు. ఈ ఆలోచన రాగానే జీవితంలో మొదటిసారి అతనికి మంచితనం మీద విరక్తి కలిగింది. లేచి ప్యాంటు దులుపుకుని ఆఫీసుకు నడిచాడు.

మరుసటి ఉదయం సాంకేతిక అధికారి స్కూటరు పెట్రోలు బిల్లును అకౌంట్స్ అధికారి తిప్పికొట్టాడు. ‘సదరు అధికారి నడచి రాగలిగియుండియు వాహనము వాడుట విలాసము’ అని ఎర్ర సిరాతో రాశాడు. సాంకేతిక అధికారి ఊరుకుంటాడా? అకౌంట్స్ అధికారికి కూడికలు రావని ప్రాంతీయ అధికారికి ఫిర్యాదు చేశాడు. ప్రాంతీయ అధికారి ఇద్దరికీ మెమోలు ఇచ్చాడు. తన పుట్టినరోజున ప్రాంతీయ అధికారి శుభాకాంక్షలు చెప్పలేదని సంక్షేమ అధికారి అలిగాడు. ప్రాంతీయ అధికారి పుట్టినరోజు కూడా ఆ రోజే, అతనికీ ఎవరూ చెప్పలేదు. విజిలెన్సు అధికారి అందరి మీదా రహస్య విచారణ మొదలుపెట్టి, ఆ రహస్యం అందరికీ తెలిసిపోయిందని మండిపడ్డాడు.

అటెండరు నూకరాజు ఈ కాగితాలు ఒక బల్ల మీదనుంచి ఇంకో బల్ల మీదకు మోయలేక సతమతమయ్యాడు. ఒక కాగితం ఇచ్చి వెనక్కి తిరిగేసరికి అయ్యగారు అవతలి కుర్చీలో కూర్చుని అదే కాగితం కోసం చెయ్యి చాపి, చదివి, పళ్ళు కొరికేవారు. మొదట్లో నాటకంగానే రాసిన లోవరాజుకు రానురాను నిజంగానే మండడం మొదలైంది. తనను తాను ‘పనికిమాలినవాడు, ఎవరేమన్నా అలాగేనండి అనే దద్దమ్మ’ అని అకౌంట్స్ అధికారి హోదాలో రాసుకున్న రోజు అతనికి అన్నం సయించలేదు. అయితే ఆ రాసినదాంట్లో అబద్ధం లేదని కూడా అనిపించింది.

నెల మొదటి సోమవారం వచ్చింది. సాంకేతిక అధికారి కార్డు పెట్టాడు. అకౌంట్స్ అధికారి, ఆ మనిషి చెయ్యి తగిలిన పెట్టెలో నా కార్డు పెట్టను అని రాసిచ్చాడు. విచారణ ముగిసేదాకా వీళ్ళతో ఒక గదిలో నిలబడనని విజిలెన్సు అధికారి రాసిచ్చాడు. ప్రాంతీయ అధికారి ఎవరినీ ఒప్పించలేక తలనొప్పి అన్నాడు. సంక్షేమ అధికారిని ఎవరూ అడగలేదు, అందుకని అతను రాలేదు. పెట్టె కాసేపు చూసి ఎర్ర దీపం వెలిగించి మూసుకుంది. మధ్యాహ్నానికి టికెట్టు మెషీన్లన్నీ ఆగిపోయాయి.

రేవులో ఏమీ ఆగలేదు. పంటు నడిపే సరంగు తువ్వాలు పరిచి చిల్లర వేయించుకుని జనాన్ని ఎక్కించుకున్నాడు. మేకలకు టికెట్టు లేదన్నాడు గనక మేకలవాళ్ళు సంతోషించారు. మెషీను ఆగిందన్న సంగతి బంగారయ్య గమనించి, ఆ కొత్త పాస్‌వర్డేమిటో చెబితే కొట్టిపెడతానని కబురు పంపాడు.

హెడ్డాఫీసులో ఏం జరుగుతుందోనని లోవరాజు ఫోను దగ్గరే కూర్చున్నాడు. రెండో రోజు పరాంకుశంగారి అభినందన సందేశం అన్ని ప్రాంతీయ కార్యాలయాలకూ వెళ్ళింది. ‘ఈ మాసమున సీతారేవు వ్యవస్థలోనికి అనధికార ప్రవేశములు శూన్యము. అధికార ప్రవేశములు కూడా శూన్యము. ఇట్టి సంపూర్ణ భద్రత మండలి చరిత్రలో ప్రప్రథమము. సీతారేవు అధికారుల పరస్పర ద్వేషమును మిగిలిన కార్యాలయములు ఆదర్శముగా గైకొనవలెను.’

ఇందుమతిగారు స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు. అయిదు కుర్చీలూ అయిదు వైపులకు తిరిగి ఉన్నాయి. బల్లల మధ్య సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నాయి. మీకూ అకౌంట్స్ అధికారికీ రాజీ కుదిరే అవకాశం ఉందా అని ఆమె అడిగారు. లోవరాజు ముఖం తిప్పుకుని, వాడి పేరెత్తకండి మేడం అన్నాడు. ఆమె ముఖంలో మొట్టమొదటిసారి తృప్తి కనిపించింది. కుమ్మక్కు ఆరోపణ అక్కడికక్కడే కొట్టేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సీతారేవు కార్యాలయంలోని సకల కలహాలకు మూలకారకుడు సాంకేతిక అధికారి అని, మిగతా నలుగురూ ముక్తకంఠంతో అతనిపై ఫిర్యాదు చేసి ఉన్నారని, అతనిని శిక్షాపూర్వకంగా, దుమ్ము పట్టిన తుని సబ్ ఆఫీసుకు తక్షణమే పంపివేయడమైనదని. కార్డు అధికారులు ఇంకా నలుగురు మిగిలి ఉన్నందున, తెరవడానికి ముగ్గురే చాలును గనక, పేటిక భద్రతకు లోటు లేదు. రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే. లోవరాజు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. శిక్షపడినవాడు సంతోషించకూడదు.

వీడ్కోలు సభ జరగలేదు. జరపవలసిన నలుగురూ కోపంలో ఉన్నారు. సాంకేతిక అధికారి తన కార్డును ప్రాంతీయ అధికారి బల్ల మీద పెట్టి, పలకరించకుండా బయటికి నడిచాడు. మిగతా నలుగురి కార్డులు ఎవరి సొరుగులో వాళ్ళవి ఉండిపోయాయి. నలుగురి గురించి ఉత్తర్వులో వేరే ముక్క ఏదీ లేదు. జీతం ఎప్పుడూ ఒక్కరికే వచ్చేది గనక ట్రెజరీలో కూడా ఎవరూ ఏమీ అనుకోలేదు. నూకరాజు మాత్రం సంచీ పట్టుకుని స్టేషను దాకా వచ్చి, మిగతా అయ్యగార్లు రేపు వస్తారాండీ అని అడిగాడు. లోవరాజు రైలెక్కి కూర్చుని, వాళ్ళ సంగతి నన్నడక్కు అన్నాడు.

తునిలో మొదటి శనివారం పాప తల్లి వెనక దాక్కుంది. సోమవారం కూడా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. మంగళవారమూ ఉన్నాడు. బుధవారం ఆ పిల్ల తనే వచ్చి దువ్వెన చేతికిచ్చి ముందు కూర్చుంది. సత్యవేణి డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగి చూసి, ఏమీ అనకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

రెండు నెలలు గడిచాక ఒక పొద్దున్న హెడ్డాఫీసు నుంచి ఫోను. స్వయంగా పరాంకుశంగారే. సీతారేవు పెట్టె వరుసగా మూడో నెల కూడా తెరుచుకోలేదట. భద్రత అమోఘంగా ఉందట. పెట్టెకు రాష్ట్ర పురస్కారం ఇవ్వాలని నిర్ణయించారట, అందుకోవడానికి రమ్మని నలుగురికీ ఉత్తరాలు రాస్తే ఒక్కరూ పలకడం లేదట.

“మీరు వారితో చాలాకాలము కలిసి పనిచేసితిరి. ఆ నలుగురూ ప్రస్తుతము ఎక్కడ ఉన్నారో మీకేమైనా తెలుసునా?”

లోవరాజు పాప జుట్టు మూడు పాయలు తీసి పట్టుకుని ఉన్నాడు. ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. జీవితమంతా అలాగేనండి అన్న నోరు అది.

“తెలీదండి. నాకూ వాళ్ళకీ మాటల్లేవు.”

అవతల సంచాలకులు తృప్తిగా ఊపిరి వదలడం వినిపించింది. శభాష్, అదే భద్రత అంటే, అట్లే కొనసాగించండి అన్నారు. ఫోను పెట్టేశాక లోవరాజు, కదలకు తల్లీ అని, జడ అల్లడం మొదలుపెట్టాడు.